బొడ్డు కోసిన చెయ్యి

మా అమ్మమ్మ మంత్రసాని. మా పల్లెకే కాదు, ఊరికి కూడా. పల్లె అంటే మాదిగపల్లె. ఊరంటే మీకు తెలిసిందే, పల్లె కానిది. ఆ ఊళ్ళో ఇప్పుడు అరవై దాటినవాళ్ళలో చాలామంది బొడ్డు మా అమ్మమ్మ కోసిందే. ఆ సంగతి వాళ్ళు చెప్పుకోరు. మేమూ ఇన్నాళ్ళూ చెప్పుకోలేదు.

డప్పు మీద పాటలొచ్చాయి. చెప్పు మీద కవిత్వం వచ్చింది. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైన తర్వాత, తిట్టుగా విన్న కులం పేరునే పేరు చివర పెట్టుకుని తలెత్తుకు తిరగటం నేర్చుకున్నాం. మంచిదే. కానీ డప్పు మగవాళ్ళ భుజాన ఉండేది. చెప్పు కుట్టేదీ ఎక్కువగా మగవాళ్ళే. మరి మాదిగ ఆడదాని చేతిలో ఏముంది? పురిటి గదిలో దీపం బుడ్డి ఉంది. కొడవలి ఉంది. నెత్తుటి గుడ్డల మూట ఉంది. దాని మీద పాట రాలేదు. ఎందుకు రాలేదని నన్ను నేను అడుక్కుంటే, ఆ పని చెప్పుకోడానికి మేమే సిగ్గుపడ్డాం అన్న జవాబు వస్తంది. నేను కూడా సిగ్గుపడ్డాను. ఏఎన్ఎం ట్రైనింగుకి ఇంటర్వ్యూకి పోయినప్పుడు "మీ ఇంట్లో ఎవరన్నా ఈ పనిలో ఉన్నారా" అని అడిగితే లేరని చెప్పాను. పక్కనే బయట వరండాలో నాకు తోడొచ్చిన మా అమ్మమ్మ కూకోనుంది.

ఈ వ్యాసం ఆ అబద్ధానికి జవాబు.

1971లో నాకు పదేళ్ళు. పొగాకు బ్యారన్లు మండే కాలం. రాత్రి పొద్దుపోయాక ఆసామి పాలేరు పల్లె మొదట్లో నిలబడి కేకేశాడు. "అమ్మాయిగారికి నొప్పులొస్తన్నయ్యంట, ముసల్దాన్ని బిరాన రమ్మంటన్నారు." అమ్మమ్మ నన్ను లేపింది. లాంతరు పట్టుకోడానికి నేను. వీధి గుమ్మం మాకు లేదు. గొడ్ల సావిడి పక్కనుంచి, పేడకుప్ప దాటుకుని దొడ్డి దారిన పోవాలి. పురిటి గది కూడా ఆ వైపే ఉండేది. ఏ పండగకీ ఎవరూ అడుగుపెట్టని చీకటి కొట్టు. చిరిగిన నులక మంచం, పాత గుడ్డలు. ఏడాదంతా ఆ ఇంటి మహాలక్ష్మి అనిపించుకున్న పిల్ల నొప్పులు మొదలవగానే మైలపడి ఆ కొట్లోకొచ్చింది. అక్కడ ఆమెని ముట్టుకునేవాళ్ళు లేరు, మా అమ్మమ్మ తప్ప.

లోపలికి పోగానే అమ్మమ్మ అడిగిన మాట నాకిప్పటికీ గుర్తు. "ఎట్టా ఉంటే నీకు సులువుగా ఉందో చెప్పు తల్లీ. కూకుంటావా? నిలబడతావా? తాడు పట్టుకుంటావా?"

దూలానికి తాడు కట్టేది. ఆ తాడు పట్టుకుని గొంతుక్కూర్చుంటే నొప్పి వచ్చినప్పుడు ముక్కడానికి పట్టు దొరుకుద్ది. నడుం కింద ఆముదం రాసేది. నొప్పి వచ్చి పోయే మధ్యలో ఏదో ఒక కబురు చెప్పేది. తొందరపెట్టేది కాదు. బిడ్డ బయటపడ్డాక కూడా వెంటనే బొడ్డు కోసేది కాదు. మాయ పడాలి, ఆ తర్వాతే కొడవలి. మాయని కుండలో పెట్టి పూడ్చేది. నెత్తుటి గుడ్డలు కాలవకి తీసుకుపోయి ఉతికేది. పది రోజులు వచ్చి బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోసేది.

పదకొండో రోజు పురుడు. ఇల్లు అలికి, పుణ్యాహవాచనం చేయించి, అందరూ శుద్ధి అయ్యేవాళ్ళు. మా అమ్మమ్మ ఒక్కతే శుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ఆ గడప ఆమె తొక్కకూడదు. చాటలో బియ్యం, ఒక పాత చీర, కొబ్బరి చిప్ప, రూపాయి. కొంగు పట్టమని పైనుంచి పోసేవాళ్ళు. మగపిల్లాడు పుడితే చాట నిండేది. ఆడపిల్లయితే సగం. పదేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లోడే మా అమ్మమ్మని "ఏమే ముసలీ" అని పిలిచేవాడు.

అంటరానితనం చరిత్ర రాసినవాళ్ళు బావి గురించి రాశారు, గుడి గురించి, హోటల్లో గ్లాసుల గురించి రాశారు. అంటరాని చెయ్యి తగలకుండా ఈ ఊళ్ళో ఒక్క బిడ్డ కూడా భూమ్మీద పడలేదన్న సంగతి కూడా ఆ చరిత్రలో ఉండాలి.

*

అట్లాగని మా అమ్మమ్మని దేవతని చేసి పాతకాలం గొప్పదని చెప్పడానికి రాయడంలా. మా అమ్మమ్మకి తెలియనిది చాలా ఉంది. బొడ్డు మీద పిడక బూడిద అద్దేది. ధనుర్వాతం ఎట్లా వస్తదో తెలియదు. పుట్టిన ఏడో రోజో ఎనిమిదో రోజో బిడ్డ పాలు పట్టడం మానేసి కట్టెలాగా బిగుసుకుపోతే గాలి సోకిందనేది. మాయ పడకపోతే తల్లి నోట్లో జుట్టు పెట్టి ఓకిలి తెప్పించేది. ఒక్కోసారి పడేది. ఒక్కోసారి పడేది కాదు.

మా పెద్దమ్మ అట్లాగే పోయింది. బిడ్డ పుట్టాడు, నెత్తురు ఆగలేదు. బండి కట్టమని ఆసామి ఇంటికి పోతే ఎడ్లు పొలానికి పోయినయ్యి అన్నారు. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా వచ్చేసరికి అయిపోయింది. ఊరందరికీ పురుడు పోసిన మా అమ్మమ్మ సొంత బిడ్డని చేతుల్లోనే పోగొట్టుకుంది. తను తొమ్మిది కాన్పులు కంటే నలుగురం మిగిలామని మా అమ్మ చెప్పేది. ఇష్టం, అయిష్టం అనే మాటలు అందులో ఎక్కడున్నాయి? పగలు ఆసామి పొలంలో పని వద్దనే హక్కు లేదు. రాత్రి తాగొచ్చిన మొగుణ్ణి వద్దనే హక్కు లేదు. ఈ రెండో మాట మన సభల్లో చెప్తే కొందరు అన్నలకి కోపం వస్తది. రానీ. చరిత్ర రాసేటప్పుడు మన ఇంటి గడప దగ్గర ఆగిపోతే అది సగం చరిత్రే అయితది.

మా తమ్ముడు మిరప చేలో పుట్టాడు. మా అమ్మ కోతకి పోయింది. నెలలు నిండినయ్యని తెలుసు. ఇంట్లో కూకుంటే తిండెవరు పెడతారు? గట్టు మీద చింతచెట్టు కింద తోటి కూలోళ్ళు చీరలు అడ్డం పట్టుకుంటే కన్నది. ఆ రోజు కూలి సగం కోశారు. మూడో వారానికి మళ్ళీ చేలోకి పోయింది, బిడ్డని చెట్టుకు ఉయ్యాల కట్టి.

ప్రసవానికి సెలవు, సెలవులో జీతం అనే మాట ఈ దేశంలో చట్టసభ దాకా పోయినప్పుడు దాని తరఫున మాట్లాడినవాళ్ళలో బాబాసాహెబ్ ఒకరు. 1928లో బొంబాయి శాసనమండలిలో, కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, దాని ఖర్చు యజమానీ ప్రభుత్వమూ భరించాలి అని ఆయన వాదించాడు. 1929లో బొంబాయి ప్రసూతి చట్టం వచ్చింది. దేశమంతటికీ 1961లో చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలకి పెరిగింది. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీకి, గనికి, తోటలకి, ఆఫీసుకి. మిరపచేలో కూలికి పోయే మా అమ్మకి 1961లో ఏమీ రాలేదు, 2017లో ఆమె మనవరాలి వయసు కూలికీ ఆ 26 వారాలు రాలేదు. ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు ఏ పని చేస్తారో ఆ పనే చట్టం బయట ఉండిపోయింది.

*

ఇప్పుడు ఆస్పత్రి సంగతి. మా పక్క గుంటూరుకి 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచింది. మగ డాక్టరు ముందుకి రాకూడదన్న ఘోషా కులాల ఆడవాళ్ళకీ, ఏ డాక్టరూ ముట్టుకోని మన ఆడవాళ్ళకీ అట్లాంటి చోట్ల ఒకే గుమ్మం దొరికింది. నర్సు పని అంటుడు పని అని పెద్ద కులాలవాళ్ళు తమ పిల్లల్ని పంపని రోజుల్లో ఆ పనికి ముందుకొచ్చినవాళ్ళలో మతం మారిన మాల మాదిగ పిల్లలు ఎందరో. తెల్ల బట్టలు వేసుకుని, చదువుకున్న మనిషిగా రోగి పక్కన నిలబడటం మనకి చిన్న విషయం కాదు. నేను ఏఎన్ఎం అయ్యానంటే ఆ దారి ఎవరో ముందే తొక్కి పెట్టబట్టే.

కానీ అదే కాలంలో ఇంకో మాట కూడా పుట్టింది. 1903లో వైస్రాయి కర్జన్ భార్య దాయీల ట్రైనింగు కోసం విక్టోరియా రాణి పేరున ఒక నిధి పెట్టించింది. అప్పటి రాతల్లో ఎక్కడ చూసినా మంత్రసాని అంటే మురికి ముసల్ది, మూఢురాలు, హంతకురాలు. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికా ఆవిడ 'మదర్ ఇండియా' పుస్తకంలో దాయీని దేశానికి పట్టిన చీడలాగా బొమ్మ గీసింది. చేతులు శుభ్రంగా లేకపోతే చావులొస్తాయన్నది నిజం. నేనే ఇరవై ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. కానీ ఒక్క ప్రశ్న అడగాలి. ఆ పనిని మురికి అని ముందు ఎవరన్నారు? మైల అని, అంటరానివాళ్ళే చెయ్యాలని, చీకటి కొట్లో చెయ్యాలని, పాత గుడ్డలే ఇస్తామని పెట్టింది కులం. పని ఇచ్చేటప్పుడు మురికి అని ఇచ్చి, తర్వాత పనిచేసిన మనిషే మురికి అన్నారు. దొర చెప్పినా దేశభక్తుడు చెప్పినా కులం అన్న మాట మటుకు ఎత్తలేదు.

ట్రైనింగు ఇచ్చినవాళ్ళు సబ్బూ బ్లేడూ ఇచ్చారు. మంచిదే. కానీ తాడు సంగతి అడగలేదు. "ఎట్టా ఉంటే సులువు" అన్న ప్రశ్న ఆస్పత్రి దాకా పోలేదు. అది మా అమ్మమ్మ చేతిలోనే ఆగిపోయింది.

1984లో నాకు ఉద్యోగం వచ్చింది. పద్దెనిమిది నెలల ట్రైనింగు, తర్వాత సబ్‌సెంటరు. టీటీ ఇంజెక్షను డబ్బా భుజానేసుకుని ఊరూరా తిరిగాను. ఊళ్ళో కొందరు చెయ్యి చాపి సూది వేయించుకుని, నేను పోయాక చెయ్యి కడుక్కునేవాళ్ళు. మంచినీళ్ళు అడిగితే చెంబు ఎత్తి పోసేవాళ్ళు. అయినా సూది మానలేదు. ధనుర్వాతంతో బిడ్డలు పోవడం నా కళ్ళ ముందే తగ్గిపోయింది. 2015లో మన దేశంలో తల్లులకీ పసిబిడ్డలకీ ఆ జబ్బు బెడద తొలిగిపోయిందని ప్రకటించారు. అందులో నాలాంటి ఎన్నో భుజాల నొప్పి ఉంది. అది నా గర్వం.

1986లో నా తొలి కాన్పుకి ఒక పెద్ద సర్కారు ఆస్పత్రికి పోయాను. నేనూ అదే డిపార్టుమెంటని చెప్పుకునే వ్యవధి లేదు. చీటీలో కులం కాలం నింపినప్పుడే మాట తీరు మారిపోయింది. ఒకే మంచం మీద ఇద్దరం, తలా కాళ్ళూగా. నొప్పులు ఎక్కువై లేచి నడుస్తానంటే తిట్టారు. ఇనప బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టారు. అరిస్తే తొడ మీద కొట్టారు. "అప్పుడు మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదా ఈ అరుపు?" అన్న మాట అక్కడ ఉన్న అందరికీ ఒకటే, మాకు దానిపైన ఇంకో మాట కూడా ఉంది: "మీవాళ్ళకి ఏటా ఒకటి కావాలి." కింద కోశారు. ఎందుకని చెప్పలేదు. మత్తు సరిగా లేకుండానే కుట్లేశారు. తోడొచ్చిన అమ్మమ్మని గేటు బయటే ఆపేశారు. వందల కాన్పులు చూసిన మనిషి, మనవరాలి కాన్పు చూడనివ్వలేదు. ఆడపిల్ల అని చెప్పడానికి ఆయా యాభై అడిగింది. మగపిల్లాడయితే వందంట. మా అమ్మమ్మకి చాట సగం పోసిన లెక్కే ఇక్కడా ఉంది.

ఆస్పత్రికి పోవద్దని నేను చెప్పడం లేదు. ఆ రోజు నాకు నెత్తురు పోయింది, ఆ ఆస్పత్రే ఆపింది. మా పెద్దమ్మకి లేనిది నాకు దొరికింది. ప్రాణం దొరికింది. కానీ ప్రాణం ఇచ్చినందుకు మాట తీసేసుకోవాలా? అదీ నా ప్రశ్న.

*

ఇక నేను చేసింది చెప్పాలి. ఇది రాయడానికే చాలా ఏళ్ళు పట్టింది.

1938 నవంబరులో బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున పి.జె. రోహం కుటుంబ నియంత్రణ తీర్మానం పెట్టాడు. ఆ ప్రసంగం బాబాసాహెబ్ తయారుచేసింది. గర్భం ధరించాలా వద్దా అన్నది పూర్తిగా ఆడదాని ఇష్టం మీదే ఉండాలన్నది అందులో సారం. ఆ తీర్మానం ఓడిపోయింది. 1952లో స్వతంత్ర భారతం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. పని అదే. ఆడదాని ఇష్టం అన్న ముక్క మాత్రం పోయింది. దాని చోట్లోకి టార్గెట్ వచ్చింది.

ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. నాలుగింట మూడు వంతులు మగవాళ్ళకి. మగవాళ్ళకి కోపం వచ్చింది, ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి పోలేదు. కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఆడవాళ్ళ కోపానికి ప్రభుత్వాలు పడిపోలేదు.

ఏఎన్ఎంకి ఏడాదికి ఇన్ని కేసులని లెక్క ఉండేది. కేసు అంటే మనిషి కాదు, ఆపరేషను. మార్చి వస్తంటే నిద్ర పట్టేది కాదు. లెక్క పూర్తి కాకపోతే జీతం ఆపుతామని మీటింగుల్లో నిలబెట్టి తిట్టేవాళ్ళు. ఊళ్ళో పెద్ద ఇళ్ళకి పోతే "మా సంగతి మేం చూసుకుంటాంలే" అని గుమ్మంలోనే పంపేసేవాళ్ళు. ఇక ఎక్కడికి పోతాను? మా పల్లెకి. మాలపల్లెకి. ఎరుకల గుడిసెలకి. నా మాట కాదనలేని చోటికి. క్యాంపు రోజు బడి గదులు ఖాళీ చేయించి, ఒక రోజులో పదులకొద్దీ ఆడవాళ్ళని వరసగా పడుకోబెట్టేవాళ్ళు. అయినవాళ్ళని అయినట్టు వరండాలో చాపల మీదికి మోసేవాళ్ళం. వేలిముద్ర నేనే పట్టుకుని వేయించేదాన్ని.

1992లో మా పెదనాన్న కొడుకు పెళ్ళాన్ని తీసుకుపోయాను. నాకు వరసకి మరదలు. ఇరవైమూడేళ్ళు. ఇద్దరాడపిల్లలు, చంకలో పిల్లోడు. మా తమ్ముడితో మాట్లాడాను. డబ్బులొస్తాయని చెప్పాను. వాడు సరేనన్నాడు. ఆ అమ్మాయిని అడిగానా? "పొద్దున్నే అన్నం తినకుండా రా" అని చెప్పాను. అది అడగడం కాదు. ఆ మార్చిలో నా లెక్క పూర్తయింది. మరుసటి ఏడు వానాకాలంలో వాంతులూ విరేచనాలతో పిల్లోడు పోయాడు.

పలకరించడానికి పోతే ఏడవలేదు. తిట్టలేదు. "అడిగితే నేను ఏం చెప్పేదాన్నో నాకూ తెలవదు వదినా. సరేననేదాన్నేమో. అడిగావా?" అంది. అంతే. నాకు జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

మాకు కాన్పులు ఆపుకునే దారి అక్కర్లేదని కాదు. తొమ్మిది కాన్పుల అమ్మమ్మని చూశాను. నా రెండో కాన్పు తర్వాత నేనూ ఆపరేషను చేయించుకున్నాను, కావాలనే. కానీ తాత్కాలికంగా ఆపుకునే మాత్రలు, లూపులు ఉన్నాయని చదువుకున్న నాకు తెలుసు. మా మరదలికి నేను చెప్పలేదు. మగవాడికి చేసే ఆపరేషను ఇంకా చిన్నదని మా తమ్ముడికీ చెప్పలేదు. చెప్తే కేసు పోతదేమోనని భయం. మా కులం ఉద్యోగిని మా కులం ఆడదాని మీదకి పంపితే పని సులువవుద్దని పైవాళ్ళకి తెలుసు. అట్లాగే అయింది.

1996లో టార్గెట్లు తీసేశామన్నారు. కాగితం మీద తీసేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల క్యాంపుల్లో పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. ఆ వార్త చదివి నాకు ఆ బడి వరండా, ఆ చాపలు గుర్తుకొచ్చాయి. 2016లో సుప్రీంకోర్టు ఇట్లాంటి క్యాంపులు ఆపమని చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 70 మంది దాకా ఆపరేషను చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ల లెక్క చూస్తే నూటికి ఒక్కడు కూడా నిండడు.

*

1992-93 సర్వే నాటికి మన రాష్ట్రంలో మూడింట ఒక వంతు కాన్పులే ఆస్పత్రిలో జరిగేవి. 2019-21 నాటికి నూటికి 96 దాటాయి. మంత్రసానులు పోయారు. పోవాల్సిందే. మన పిల్లలు కొంగు పట్టి బియ్యం పోయించుకునే పనిలోకి మళ్ళీ పోకూడదు. 2005లో జననీ సురక్ష డబ్బులొచ్చాయి. కానీ మన రాష్ట్రంలో అది రెండు కాన్పుల దాకానే, 19 ఏళ్ళు నిండినవాళ్ళకే. మూడో కాన్పు ఎవరికి ఉంటది? చిన్నప్పుడే పెళ్ళి ఎవరికి అయితది? ఎవరికి అవసరమో వాళ్ళనే తీసేసిన ఆ షరతులు 2013 దాకా నడిచాయి. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారన్నారు. రిజర్వేషన్ వల్ల వార్డు మెంబరు కాగలిగిన మన ఆడవాళ్ళు ఆ షరతుతో ఎంతమంది వెనక్కి పోయారో పల్లెల్లో అడగండి. 2024లో ఆ షరతు తీసేశారు. ఎందుకు? జనాభా తగ్గిపోతంది, ఎక్కువమందిని కనండి అని అదే ఏడాది ముఖ్యమంత్రే చెప్పాడు. కనొద్దన్నప్పుడు మమ్మల్ని అడగలేదు. కనమన్నప్పుడూ అడగలేదు.

మా అమ్మాయి కాన్పు 2012లో ఒక ప్రైవేటు నర్సింగు హోములో. సర్కారు ఆస్పత్రి బల్ల మీద తల్లి పడ్డ బాధ వినుంది కాబట్టి అప్పు చేసైనా ప్రైవేటుకే పోతానంది. అక్కడ ఎవరూ తిట్టలేదు. "మేడమ్" అన్నారు. నొప్పులు రాకముందే ఉమ్మనీరు తగ్గింది, కోయాలన్నారు. సంతకం పెట్టమన్నారు. బిడ్డకి ప్రమాదమంటే ఏ తల్లి పెట్టదు? నలభై వేల అప్పు. తర్వాత స్కానింగు కాగితం తీసి చూశాను. అది చదవడం నాకొచ్చు. నీళ్ళు సరిపడా ఉన్నాయనే ఉంది.

సిజేరియన్లు నూటికి 10, 15 దాటితే దానికి కారణం కనపడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో నూటికి 60. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో నూటికి 81. మా పెద్దమ్మకి అవసరమైనప్పుడు కత్తి దొరకలేదు. మా అమ్మాయికి అవసరం లేకుండానే దొరికింది. నన్ను కొట్టి నోరు మూయించారు, దాన్ని భయపెట్టి మూయించారు. తేడా డబ్బులో ఉంది, అంతే.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలిచ్చింది. కాన్పుకి ఎట్లా ఉండాలో తల్లినే ఎంచుకోనివ్వండి, కూర్చునో నిలబడో కనొచ్చు అంది. ఆమె కోరిన మనిషిని తోడు ఉంచండి, ఊరికే కింద కోయొద్దు, గౌరవంగా మాట్లాడండి అంది. బొడ్డు వెంటనే కోయొద్దని అంతకుముందే చెప్పింది. చదువుతుంటే నాకు మా అమ్మమ్మ కట్టిన తాడు కళ్ళ ముందు కదిలింది. మన దేశంలో కూడా 2016లోనే కాన్పు గదిలో ఒక ఆడమనిషిని తోడు ఉంచాలని కేంద్రం రాసింది. 2018లో మిడ్‌వైఫ్‌లను తయారుచేయాలని మార్గదర్శకాలు తెచ్చింది. ఇప్పుడు అది కొత్త చదువు. తెల్ల కోటు చదువు. ఆ చదువులో సీట్లు మన పిల్లలకి ఎన్ని వస్తాయో చూడాలి. మైల అన్నప్పుడు మాకిచ్చిన పని, గౌరవం వచ్చాక ఎవరి చేతికి పోతందో చూడాలి.

ఉద్యమంలో ఉన్న పిల్లలకి, హాస్టళ్ళలో చదువుకునే చెల్లెళ్ళకి ఒక్క మాట. భూమి అడుగుతున్నాం. రిజర్వేషన్ అడుగుతున్నాం. కాన్పు గది సంగతి మాత్రం ఆడవాళ్ళ గొడవని పక్కన పెడుతున్నాం. మీ మండలం ఆస్పత్రికి పొండి. కాన్పు గదిలోకి తోడు మనిషిని రానిస్తన్నారా అడగండి. కాగితం మీద వేలిముద్ర వేయించే ముందు అందులో ఏముందో చదివి చెప్తన్నారా అడగండి. తిట్టినవాళ్ళ మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గోడ మీద రాసుందా చూడండి. కూలి ఆడదానికి కాన్పు సెలవు జీతం మీ డిమాండ్ల కాగితంలో ఉందా చూసుకోండి. లేకపోతే రాయండి.

మా మరదలు ఉంది. ఇద్దరాడపిల్లలకీ పెళ్ళిళ్ళు చేసింది. చిన్న పిల్లకి నెలలు నిండినప్పుడు నన్నే తోడు రమ్మంది. పోయాను. రిటైరైన ఏఎన్ఎంనని చెప్పి గొడవ పడితే లోపలికి రానిచ్చారు. బల్ల పక్కన నిలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఎంతో కాలం తర్వాత ఆ మాట నా నోటికొచ్చింది.

"ఎట్టా ఉంటే నీకు సులువుగా ఉందో చెప్పు తల్లీ."

ఆ పిల్ల పక్కకి తిరిగి పడుకుంటానంది. నర్సమ్మ నావంక చూసింది. తర్వాత దిండు సర్దింది.